ఆరు వైపులా

బస్సు గుడిహత్నూర్ దాటింది. జమున అరచేతిలో తాడు ఒరుసుకున్న ఎర్రటి చార ఇంకా పోలేదు. దాన్ని బొటనవేలితో రుద్దుకుంటూ కిటికీలోంచి చూస్తోంది. చూస్తోంది అంటే కళ్ళు అటు ఉన్నాయి, అంతే. రోడ్డుకు రెండు పక్కలా పత్తి చేన్లు, సగం ఏరినవి, సగం ఏరనివి. ఇక్కడి చేన్లు తమ వైపు కంటే వెనక ఉన్నాయి, ఇంకో ఏరుడు గ్యారంటీగా ఉంటుంది అనుకుంది. అనుకుని, ఇప్పుడు ఆ లెక్క తనకెందుకు అనుకుంది. పక్క సీటు ఖాళీగా ఉంది. పొద్దున వచ్చిన బస్సు ఇది కాదు, కానీ సీటు గుడ్డ రంగు అదే. అప్పుడు పక్కన భూమిక కూర్చుంది. చెవిలో పెట్టుకునే పాటల వైరు ఒకటి తన చెవికి, ఒకటి తల్లి చెవికి పెట్టింది. రెండు పాటలయ్యాక జమున తీసేసింది, చెవి దురద పెడుతోందని. భూమిక దాన్ని కూడా తన రెండో చెవికి పెట్టుకుని ఘాట్ ఎక్కేదాకా కళ్ళు మూసుకుంది. ఇంకో రెండు పాటలు వింటే ఏమయ్యేది. ఏమీ కాకపోయేది. ఆదిలాబాద్ బస్టాండులో బస్సు కదలక ముందు కింద డిక్కీలోకి హమాలీలు ఏవో మూటలు, డబ్బాలు విసురుతుంటే కాళ్ళ కింద రేకు దడదడలాడింది. ఆమె కాళ్ళు పైకి తీసుకుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, మళ్ళీ కింద పెట్టింది. ఇంటికి చేరేసరికి రాత్రవుతుంది. జగిత్యాలకు మరిది బండి తెస్తానన్నాడు.

హాస్టలు బాగానే ఉంది. ఎవరైనా అడిగితే అదే చెప్పాలి, బాగానే ఉంది. నర్సింగ్ కాలేజీ వెనక, పచ్చ రంగు వేసిన మూడంతస్తుల భవనం, ముందు ఇనుప గేటు, గేటు పక్కన రేకుల షెడ్డు. షెడ్డులో అప్పటికే డబ్బాలు, మూటలు, చాపలు గుట్టగా ఉన్నాయి. చదువు అయిపోయిన పిల్లలు ఖాళీ చేసి పోతున్నారు, కొత్త పిల్లలు వస్తున్నారు, రెండూ ఒకే రోజు పెట్టారు. వాచ్‌మెన్ పరశురాములు నోట్లో పుల్ల పెట్టుకుని, "మొగోళ్లు లోపటికి రావద్దు, బరువు సామాన్లు గీన్నే పెట్టుండ్రి, సాయంత్రం సీనియర్ పిల్లలతోని పైకి మోపిస్త" అని ప్రతి ఒక్కరికీ అదే మాట చెబుతున్నాడు. తమతో మగవాళ్ళు ఎవరూ రాలేదని జమున చెప్పబోయి మానుకుంది. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. భూమిక సామాన్ల అట్ట డబ్బాను ఇద్దరూ చెరో వైపు తాడు పట్టుకుని గేటు దాకా తెచ్చేసరికే రెండుసార్లు కింద పెట్టాల్సి వచ్చింది. డబ్బా షెడ్డులో పెట్టి, సంచీ, బకెట్టు, చీపురు మాత్రం పైకి తీసుకెళ్ళారు. గదిలో మూడు మంచాలు. కిటికీ పక్క మంచం ముందే వచ్చిన పిల్ల తీసుకుంది. నవనీత ఆ పిల్ల పేరు, ఇదే జిల్లాలో బేల దగ్గరి పల్లె. నవనీత తల్లి మంచం మీద బాసింపట్లు వేసుకుని కూర్చుని పల్లీలు ఒలుస్తూ, సొంతింట్లో ఉన్నంత నిమ్మళంగా ఉంది. "కూసో బాయి, గంతదూరం కెల్లి వచ్చినవ్," అంది. "మా దిక్కు చలి శానుంటది, ముందే చెప్తున్న. నీ బిడ్డకు దుప్పటి తెచ్చినవా లేదా?" తెచ్చాం, డబ్బాలో ఉంది అంది జమున. భర్త మల్లేష్ మస్కట్ నుంచి తెచ్చిన దుప్పటి, గులాబీ పూలది, ఇద్దరు కప్పుకున్నా మిగిలేంత పెద్దది. ఇంట్లో ఎవరూ దాన్ని కప్పుకోలేదు, చుట్టాలు వచ్చినప్పుడు తీసి, పోయాక ఎండలో ఆరేసి మళ్ళీ బీరువాలో పెట్టడమే.

ఆ తర్వాతే భూమిక అడిగింది. జమున మంచం మీద బెడ్‌షీట్ పరుస్తుంటే రెండో కొస పట్టుకుని, కొసను పరుపు కింద దోపుతూ, తల ఎత్తకుండా తల్లిని అడిగింది.

"ఇయ్యాల రాత్రి అమ్మలు ఉండచ్చట అవ్వా. కింద హాల్ల పరుపులు ఏస్తరట."

"పత్తి ఏరెటోళ్లు పొద్దుగాల్నే వస్తరు బిడ్డా. నానమ్మ ఒక్కతేం జేస్తది."

"సరే."

అంతే. సరే అన్నది, రెండో కొస కూడా దోపింది. నవనీత తల్లి పల్లీలు ఒలవడం ఒక్క క్షణం ఆపి మళ్ళీ ఒలిచింది. పత్తి ఏరేవాళ్ళు వస్తారన్నది అబద్ధం కాదు. వాళ్ళకు చెప్పి వచ్చింది. అయితే మరిదికి ఒక్క ఫోన్ చేస్తే వాళ్ళను చూసుకుంటాడు, అత్తకు ఒక్క పూట అన్నం పెట్టేందుకు పక్కింటి రాజక్క ఉంది. ఇవన్నీ ఆ బెడ్‌షీట్ పరుస్తున్నప్పుడే జమునకు తెలుసు. తెలిసీ నోట్లోంచి ఆ మాటే వచ్చింది, తలుపు దగ్గర ఎవరో నిలబడి ఉంటే పక్కకు జరిగినట్టు, ఆలోచించకుండా వచ్చింది. కాసేపటికే చెప్పులేసుకుంది. మెట్లు దిగేటప్పుడు షెడ్డు వైపు చూడనైనా చూడలేదు.

అత్త పోశవ్వ నేర్పింది అది. పెళ్ళయిన కొత్తలో మల్లేష్ మొదటిసారి మస్కట్ పోయే రోజు, జీపు వచ్చి వాకిట్లో ఆగితే జమున అతని చొక్కా గుండీ ఒకటి వదులుగా ఉందని సూది దారం తెచ్చింది. పోశవ్వ ఆ సూది చేతిలోంచి లాక్కుంది. "పోయెటోని ముంగట నిలవడద్దు పిల్లా. కాలు బరువైతది. బువ్వ పెట్టు, నీళ్ళియ్యి, లోపటికి పో." ముసలమ్మకు కొడుకు మీద ప్రేమ లేక కాదు. కాలు బరువై అతను ఆగిపోతే, వీసా కోసం ఏజెంటుకు కట్టిన డబ్బంతా ఎవరు తిరిగి తెస్తారు, అంతే. అప్పట్నుంచి ఆ ఇంట్లో పంపడం అంటే అలాగే. అన్నం, నీళ్ళు, జీపు. రెండేళ్ళకోసారి వచ్చేవాడు, రెండు నెలలుండి పోయేవాడు. పోయేటప్పుడు ఎవరూ ఏడవలేదు. భూమికను నిద్రలో ఉండగానే ముద్దు పెట్టుకుని వెళ్ళేవాడు. లేచాక ఆ పిల్ల ఇల్లంతా ఒకసారి తిరిగి చూసి, అడగకుండా పళ్ళు తోముకునేది. మంచి పిల్ల, సతాయించదు అని అందరూ అనేవారు. ఈరోజు సరే అన్నప్పుడు కూడా ఆ ముఖమే. పళ్ళు తోముకునే ముఖం.

ఇచ్చోడ దగ్గర బస్సు ఆగి కదిలింది. ఎవరో మొక్కజొన్న కంకులు తింటున్న వాసన. ఒళ్ళో ఉన్న ఫోను మోగింది. భూమిక. అప్పుడే చేసిందా అని ఒక రకమైన సంతోషం లాంటిది లేచింది. ఎత్తింది.

"అవ్వా, డబ్బా కనిపిస్తలేదు."

"షెడ్డుల పెట్టినం గదా. వాచ్‌మెన్ తాతను అడుగు."

"అడిగిన. జగిత్యాల దిక్కు డబ్బాలన్ని పార్సిల్ ఆటోల ఎక్కిచ్చిన అంటుండు. పోయెటి పిల్లలయి అనుకున్నడట."

"మనది గూడ ఎందుకెక్కిస్తడు? పోయెటి పిల్లవా నువ్వు?"

"మన ఊరి అడ్రస్ ఉన్నది గదనే దాని మీద," అంది భూమిక. కోపంగా లేదు. నవ్వు కూడా లేదు. "అన్ని దిక్కుల అదే ఉన్నదట. ఆయన అద్దాలు పెట్టుకోని మరీ చదివిండట. ఇంకేం జేస్తడు మరి."

 దొరుకుతుంది, ఫికర్ చెయ్యకు, నేను కనుక్కుంటా అని జమున ఫోను పెట్టేసింది. పెట్టేశాక అరచేతిలో చారను మళ్ళీ చూసుకుంది.

ఇరవై ఏళ్ళుగా ఆమె డబ్బాలు విప్పింది గానీ ఎప్పుడూ కట్టలేదు. మొన్న మొదటిసారి కట్టింది. మల్లేష్ మస్కట్‌లో డ్యూటీ దిగి, గదిలో మంచం మీద పడుకుని ఫోనులో చూస్తూ చెప్పాడు. అడుగున బరువైనవి పెట్టు, పచ్చడి డబ్బాకు రెండు కవర్లు తొడుగు, మూలల్లో బట్టలు కుక్కు, ఖాళీ ఉంచితే లోపల తిరుగుతది. తాడు వల లాగా అల్లమన్నాడు, ఒక వరస నిలువు, ఒక వరస అడ్డం, కలిసిన చోటల్లా ముడి. "ఆరు దిక్కుల రాయి. అడుగుకు గూడ రాయాలె. ఎయిర్‌పోర్టుల వాండ్లు తలకిందులు ఇసిరేస్తరు, ఏ దిక్కు మీదికొస్తదో తెల్వది." ఇందులో ఎయిర్‌పోర్టు ఏముంది అని ఆమె అనలేదు, అతను అనుకోలేదు. నలుపు మార్కరుతో ఆరు వైపులా రాసింది. ఏం రాయాలో ఆలోచించే పనేముంది. డబ్బా మీద ఏముంటుందో ఆమెకు కళ్ళు మూసుకున్నా కనిపిస్తుంది. బొడ్డు మల్లేష్, రామన్నపల్లె, కొండగట్టు దగ్గర, కరీంనగర్ జిల్లా. జిల్లా మారి ఎన్నో ఏళ్ళయింది, పాస్‌పోర్టులో మారలేదని అతను అలాగే రాస్తాడు, ఆమె కూడా అలాగే రాసింది. రాసి ఫోనులో చూపించింది. ఊరి పేరు ఇంకా పెద్దగ రాయి అన్నాడు. పెద్దగా చేసింది. గోడకు ఆనుకుని కూర్చున్న పోశవ్వ, వాకిట్లో చెప్పులు తుడుచుకుంటున్న భూమిక, ఎవరూ ఇది పోయే డబ్బా కదా అనలేదు. ఆ ఇంట్లో డబ్బా అంటే వచ్చేదే. భూమికకు ఆరేళ్ళప్పుడు, తండ్రి వెళ్ళిపోయిన మరునాడు, ఖాళీ డబ్బాలో ముడుచుకుని కూర్చుని నా మీద బాపు పేరు రాయి అని స్కెచ్చు పెన్ను చేతికిచ్చింది. జమున పప్పు కడుగుతోంది. ఇక్కడి నుంచి అక్కడికి డబ్బాలు పోవు బిడ్డా అంది. ఎందుకు పోవు అని అడిగిందా ఆ పిల్ల. అడగలేదనుకుంటా. డబ్బాలోనే నిద్రపోయింది. చెంప మీద అట్ట గీతలు పడ్డాయి.

కింది వాడ సాంబయ్య దుబాయ్ నుంచి వచ్చినప్పుడు కూడా పెట్టె మీద ఊరి అడ్రసే ఉంది. అది చెక్క పెట్టె. అంబులెన్సులోంచి దించుతుంటే జమున చదివింది, ఊరి పేరు ఇంగ్లీషులో తప్పు రాశారని కూడా గమనించింది. అప్పుడేమీ అనిపించలేదు. నెల తిరక్కుండా మల్లేష్ పంపిన డబ్బా వస్తే మాత్రం తాడు కోయడానికి చాలాసేపు కత్తి దొరకలేదు. కత్తి ఎదురుగానే ఉంది.

కండక్టరు సీట్ల మధ్య నుంచి వస్తుంటే జమున చేయి పట్టి ఆపి విషయం చెప్పింది. కండక్టరు జమున కంటే చిన్నదే ఉంటుంది, కొప్పులో బంతిపూలు పెట్టుకుంది. విని, టికెట్ల మిషను చంకలోకి మార్చుకుంది.

"జగిత్యాల పార్సిల్లంటే మన బస్సులనే ఎక్కిచ్చిండ్రక్కా. మొత్తం డిక్కీ నిండ. నీ కాళ్ళ కిందనే ఉండచ్చు."

"జర ఆపి చూద్దామా?"

"నడిమిట్ల ఆపితే డ్రైవరన్న నన్ను దించేసి పోతడు. నిర్మల్‌ల చాయ్‌కి ఆగుతం, అప్పుడు తీద్దం." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "డబ్బా మీద మీ ఊరి పేరు రాస్తే మీ ఊరికి పోక ఏడికి పోతది చెప్పు. దాని తప్పేమున్నది."

వెనక సీటులో ముసలాయన కిసుక్కుమన్నాడు. జమునకు కూడా నవ్వు వచ్చింది, వచ్చి మధ్యలో ఆగింది. కాళ్ళ కింద రేకు సన్నగా వణుకుతోంది. కింద ఉండచ్చు. ఉంటే ఆ రేకు కిందే దుప్పటి, మామిడికాయ పచ్చడి, సకినాలు, స్టీలు పళ్ళెం, గ్లాసు, కొబ్బరినూనె, నానమ్మ బలవంతంగా పెట్టించిన వాము పొట్లం. ఇవన్నీ బిడ్డ దగ్గరికని బయల్దేరి తనతోనే తిరిగి వస్తున్నాయి. చెప్పులు విప్పి పాదాలు రేకు మీద ఆనించింది. చల్లగా ఉంది. ఘాట్ మొదలైంది. చెట్ల మధ్య చలి పలచగా లోపలికి వస్తోంది, ముందు సీటామె కిటికీ అద్దం జరిపింది. ఆదిలాబాద్‌లో ఇంకా ఎక్కువ ఉంటుంది. పిల్ల దగ్గర ఒక బెడ్‌షీట్, ఒక చున్నీ ఉన్నాయి. నిర్మల్‌లో దిగాలి. డబ్బా దించుకుని ఎదురు బస్సు ఎక్కాలి. చీకటి పడ్డా ఏమీ కాదు, కింద హాల్లో పరుపులు వేస్తారన్నారు. మరిదికి ఫోన్ చేస్తే సరిపోతుంది. ఒక్కో మలుపుకూ ఒక్కో పని సర్దుకుంటూ వచ్చింది. పత్తి ఏరేవాళ్ళకు మరిది, అత్తకు రాజక్క, రేపు పొద్దుటి పాలకు ఎవరో ఒకరు. ఇంత తేలిగ్గా సర్దుకునే పనులను మధ్యాహ్నం మూడో అంతస్తులో అన్నం, నీళ్ళు, జీపు లాగా ఎందుకు మోసిందో తెలియదు. డబ్బా పోవడం మంచిదే అయింది. డబ్బా తెచ్చా అని మెట్లెక్కవచ్చు. నీ కోసం వచ్చా అనడం కంటే అది సులువు. మల్లేష్ కూడా అంతే కదా, వచ్చిన రోజు గడపలో నిలబడి మొదట డబ్బా సంగతే మాట్లాడతాడు, తాడు జాగ్రత్త, కోయకు, విప్పు, మళ్ళీ పనికొస్తది. నర్సులకు మస్కట్‌లో మస్తు గిరాకీ అంటున్నాడు ఈ మధ్య. అంటే ఇంకొన్నేళ్ళకు ఇంటికి రెండు డబ్బాలు వస్తాయి. ఆ ఆలోచనను జమున అక్కడే వదిలేసింది. ఘాట్ దిగాక చెవులు విచ్చుకున్నాయి, బస్సు చప్పుడు పెద్దదైంది.

నిర్మల్ బస్టాండులో దీపాలు వేస్తున్నారు. హమాలీ డిక్కీ తలుపు ఎత్తి, నాలుగైదు మూటలు బయటికి లాగాక కనిపించింది. నీలం తాడు. ఒక మూల కాస్త నొక్కుకుంది, పచ్చడి కారలేదు.

"ఏం పెట్టినవక్కా ఇండ్ల, ఇనుమా?" అన్నాడు హమాలీ.

"బిడ్డ సామాను," అంది. ఎదురు ప్లాట్‌ఫారం మీద ఆదిలాబాద్ బస్సు నిలబడి ఉంది, ఇంజను ఆపలేదు. జమున భుజానికి సంచీ తగిలించుకుని, డబ్బా మీద ఒక చేయి ఆనించి, ఫోన్ చేసింది.

"దొరికింది బిడ్డా. నా బస్సులనే ఉన్నది. ఇగో, ఎదురుంగ ఆదిలాబాద్ బస్సున్నది, తీస్కొని వస్తున్న."

అటు నుంచి గిన్నెల చప్పుడు, ఆడపిల్లల మాటలు. మెస్సులో ఉన్నట్టుంది.

"నువ్వెందుకు, పార్సిల్ ఎయ్యి. రేపు పొద్దుగాల తెచ్చుకుంట."

"చలి పెడుతది రాత్రి."

"నవనీతోళ్లమ్మ ఇయ్యాల ఈడనే ఉంటుంది. బొంత ఇచ్చింది నాకు. మస్తు బరువున్నది."

"నేను గూడ ఉంట. హాల్ల పరుపులు ఏస్తరంటివి గదా."

గిన్నెల చప్పుడు దూరమైంది. బయటికి వచ్చినట్టుంది భూమిక.

"వద్దవ్వా," అంది. మెల్లగా అంది. "నువ్వొస్తే రేపు మళ్ల పోతవ్ గదనే. మళ్ల నేను గేటు కాడికి రావాలె. ఒక్కపారి అయిపోయింది. అయిపోనియ్యి."

జమున సరే అంది. ఆ మాట తన నోట్లోంచి భూమిక గొంతుతో వచ్చినట్టు అనిపించింది. అన్నం తిను అంది. తింటున్న అంది భూమిక. ఆ తర్వాత ఎవరో ఒకరు ఫోను పెట్టేశారు. ఆదిలాబాద్ బస్సు డ్రైవరు హారన్ ఒకసారి కొట్టి, ఆలోచించుకోండి అన్నట్టు మళ్ళీ కొట్టలేదు.

పార్సిల్ కౌంటరులో మఫ్లరు చుట్టుకుని కూర్చున్న మనిషి లేచి డబ్బా చుట్టూ తిరిగి చూశాడు. "ఇదంత కొట్టెయ్యాలక్కా. పాత అడ్రస్ ఒక్కటి మిగిలినా మళ్ల మీ ఊరికే వచ్చి కూసుంటది," అని మార్కరు ఇచ్చాడు. జమున చీర కొంగు నడుముకు దోపి, నేల మీద మోకాళ్ళ మీద కూర్చుంది. మొదట పై వైపు. బొడ్డు మల్లేష్ మీద ఒక గీత, రామన్నపల్లె మీద ఒక గీత. ఊరి పేరు పెద్దగా రాసినందువల్ల దాని మీద రెండు గీతలు కావలసి వచ్చింది. పక్కన ఖాళీ చోట రాసింది, బొడ్డు భూమిక, ఆడపిల్లల హాస్టలు, నర్సింగ్ కాలేజీ, ఆదిలాబాద్. బిడ్డ పేరు డబ్బా మీద రాయడం ఇదే మొదలు. అక్షరాలు తాడు కింది నుంచి వంకరగా పోయాయి. తర్వాత ఒక పక్క, ఇంకో పక్క, చుట్టూ తిరిగి నాలుగు పక్కలూ కొట్టేసి రాసింది. వెనక తన బస్సు కండక్టరు, "అక్కా, పోదామా, డ్రైవరన్న చాయ్ తాగుడైపోయింది," అని పిలిచింది.

మార్కరు మూత పెట్టింది.

"కింద గూడ రాసున్నదా ఏమన్న?" అన్నాడు కౌంటరు మనిషి.

"కిందేం లేదు," అంది జమున. "ఎక్కించుండ్రి."

హమాలీ డబ్బాను ఎత్తి భుజం మీదికి తిప్పుకున్నప్పుడు ఒక్కసారి అడుగు భాగం కనిపించింది. పెద్ద అక్షరాలు, మొన్నటివే, ఒక్క గీత కూడా లేదు. ఆమె లేచి, మోకాళ్ళకు అంటిన దుమ్ము దులుపుకుని, అవి డిక్కీలోకి పోయేదాకా అక్కడే నిలబడింది.